కువైట్ డబ్బా చెవిలో ఖర్జూరపు పాకం

మొన్న ఆదివారం మధ్యాహ్నం అందరం అన్నాలకు కూర్చున్నాక, మా మనవరాలు చెవుల్లోంచి ఆ పాటలు వినే తెల్ల బిళ్ళలు రెండూ ఊడబీకి, వాటిని తీసుకెళ్ళి సరిగ్గా మామిడికాయ తొక్కు గిన్నె పక్కన పెట్టింది. నా కళ్ళు పాడైనా ఇలాంటివి మాత్రం బాగా కనిపిస్తాయి. ఆ బిళ్ళల మీద సన్నటి జాలీ ఉంటుంది చూడండి, దాని నిండా పసుపుపచ్చటి గుబిలి మైనంలా పేరుకుపోయి, దానికి ఒక తలవెంట్రుక అంటుకుని వేలాడుతోంది. కలుపుకున్న ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. అది చాలదన్నట్టు ఆ పిల్ల నెయ్యి గిన్నె జరపబోయి ఒక బిళ్ళను తొక్కు నూనెలోకి నెట్టి, వేలితో తీసి, లంగాకి తుడిచి, ఒకదానిలో సౌండ్ వస్తలేదు నానమ్మా, పాడైంది, కొత్తవి ఆర్డర్ పెట్టిన అని చెప్పి హాయిగా పప్పు కలుపుకుంది.

పాడవలేదే తల్లీ, నీ గుబిలే దానికి అడ్డం పడింది అని ఎంత చెప్పినా వినదు. అన్నాలయ్యాక పుప్పాలగూడలో మా పదకొండో అంతస్తు బాల్కనీలో కూర్చుని, పాత పళ్ళ బ్రష్షు, చేతులు తుడుచుకునే స్పిరిట్ సీసా, ఒక సన్న సూది ముందర పెట్టుకుని ఆ బిళ్ళను బోర్లా తిప్పి పట్టుకుని మెల్లగా గీకాను. బోర్లా ఎందుకంటే, వెల్లకిలా పట్టుకుని గీకితే చెత్త లోపలికే పోతుంది. రాలిన చెత్తను కాగితం మీద పట్టి చూపిస్తే ఆ పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది.

"యాక్! గలీజు! ఎట్ల ముట్టుకుంటవ్ నానమ్మా?"

"నీ చెవులదేనే అది. నువ్వెట్ల మోసినవో నేనట్లనే ముట్టుకున్న."

సౌండ్ వచ్చింది, ఆర్డర్ వాపసు పోయింది, పిల్ల బిళ్ళలు పెట్టుకుని గదిలోకి పోయింది. నేను మాత్రం ఆ సూదిని చేతిలో పట్టుకుని, దాని మొనకు అంటిన పసుపును చూస్తూ చాలాసేపు అక్కడే కూర్చున్నాను. గుబిలి వాసన ఎలా ఉంటుందో మీలో ఎంతమందికి గుర్తుందో తెలియదు, నాకు మాత్రం ఆ వాసన తగిలితే ఒక ఆటల డబ్బా, ఒక చిన్న పిల్ల, నా చేత్తో నేనే చేసిన ఒక పాడు పని వరుసగా కళ్ళముందుకు వచ్చి నిలబడతాయి.

అప్పుడు మేం నానక్‌రామ్‌గూడలో ఉండేవాళ్ళం. మాదాపూర్ దిక్కు ఆ గుండ్రటి పెద్ద బిల్డింగు లేచి, ఇంకా కంప్యూటర్ కంపెనీలు వస్తాయంట, రోడ్లు పడతాయంట అని ఊరంతా ఒకటే మాటలు. మాకైతే వచ్చిందల్లా దుమ్మే. పొద్దున పదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి గుట్టల మీద రాళ్ళు పేల్చేవాళ్ళు. పేల్చిన కాసేపటికి బూడిద రంగు పొడి లేచి వచ్చి ఎండేసిన బట్టల మీద, మూతలేని కుండల మీద, ఆడుకునే పిల్లల కనురెప్పల మీద కూర్చునేది. అన్నం నమిలితే పళ్ళ కింద కరకరమనేది. ఉమ్మితే బూడిద రంగులో పడేది. ఇప్పుడు మన కుర్రవాళ్ళు ఆ రోజుల ఫొటోలు చూసి ఆహా అంటుంటే నా పళ్ళ కింద ఆ కరకరే తగులుతుంది.

మా ఇంటాయన ఇంటి ముందు గదిలో రేడియోలు, టేపురికార్డులు బాగుచేసేవాడు. చేతిలో పనితనం ఎంతుండేదో కడుపులో ధైర్యం అంత తక్కువ. సెట్టు విప్పగానే బొద్దింక కాలు కనపడితే చాలు, టవల్ మూతికి అడ్డం పెట్టుకుని వాకిట్లోకి పోయి వేపపుల్ల నములుతూ నిలబడేవాడు. అందుకని విప్పేదీ, కడిగేదీ, తుడిచేదీ నా పని, ఆ తర్వాత తీగలు అతికేది ఆయన పని. నేను చదివింది మూడో తరగతి, లోపలి సామానుకు పేర్లు నాకు ఇప్పటికీ తెలియవు. కాని ఏ సెట్టులో ఏ చెత్త దొరికిందో అడగండి, నిద్రలో లేపినా చెప్తాను. గౌలిదొడ్డి పటేలు రేడియోలో ఏడు ఎలుక పిల్లలు, గులాబి రంగులో, ఇంకా కళ్ళు తెరవనివి. నార్సింగి కిరాణా కొట్టాయన టేపురికార్డులో బెల్లం, బెల్లానికి చీమలు, చీమలకోసం వచ్చి ఎండిపోయిన బల్లి. పెళ్ళిళ్ళలో మైకు పెట్టే ఆయన మైకు జాలీ విప్పితే ఏళ్ళ తరబడి పట్టిన ఎంగిలి, తమలపాకు తుంపర, ఎవరెవరి నోటి వాసనో అట్టకట్టి ఉండేది. అందరూ ముద్దులాడినట్టు నోటికి ఆనించుకుని మాట్లాడే ఆ మైకంత గలీజు వస్తువు లోకంలో లేదని నేను అప్పుడే తేల్చుకున్నాను, ఇప్పటికీ ఎవరైనా మైకు ఇస్తే ముట్టను.

కోడి ఈక ఒకటి, పాత బ్రష్షు ఒకటి, సూది, స్పిరిట్, పత్తి. ఇవే నా సామాన్లు. పత్తిని దీపం వత్తిలా సన్నగా పేని, కొసన ఒక్క మెలిక వేసి ముడిలా బిగించి, స్పిరిట్‌లో ముంచి సందుల్లో తిప్పేదాన్ని. ఆ మెలిక ఉంటే పత్తి పీచు రాలదు, నేను కనిపెట్టుకున్న ఉపాయం అది. నా చేయి పడ్డాక మురికన్నది ఉండదని మా ఆయన నలుగురిలో అంటుంటే నాకు లోపల్లోపల ఎంత గర్వంగా ఉండేదో. ఓకరింపు నాకు ఎన్నడూ రాలేదు. రోత పడేదాన్ని, తిట్టుకునేదాన్ని, కాని చేయి వెనక్కి తీసేదాన్ని కాదు.

మా ఇంట్లో ఇంకో కడిగే మనిషి మా అత్త. ఆమెది చెవుల పని. ఆదివారం తలంట్లు అయ్యాక వాడకట్టు పిల్లలందరినీ అరుగు మీద వరసగా కూర్చోబెట్టుకుని, నువ్వుల నూనెలో ఎల్లిపాయ రెబ్బలు వేసి కాచి, గోరువెచ్చగా చెవిలో పోసేది. పోశాక గాలి దూరకుండా పత్తి పెట్టాలి, పొద్దుగూకేలోపు తీసెయ్యాలి. ఇది ఆమె పద్ధతి. చూపు మందగించినప్పటి నుంచి పోయడం ఆమె, పత్తి పెట్టడం నేను. నా మెలిక వత్తులు ఆ పనికి కూడా బాగా పనికొచ్చేవి. దుమ్ముకు చెవులు దురదపెట్టి గీరుకునే పిల్లలు నూనె పడగానే చల్లబడి నిద్రపోయేవాళ్ళు. మంచి పని చేస్తున్నామనే అనుకున్నాం.

ఆ ఎండాకాలంలోనే మా ఇంటి వెనక పోర్షన్‌లోకి కడప నుంచి ఒక కుటుంబం కిరాయికి దిగింది. మగాయన కొత్త బిల్డింగుల్లో కరెంటు పని చూసే సూపర్‌వైజర్, ఎప్పుడూ సైటు మీదే ఉండేవాడు. ఆమె నాకంటే చిన్నది, నేను చెల్లే అనేదాన్ని, ఆమె అక్కా అనేది. ఎనిమిదేళ్ళ ఒక్కగానొక్క ఆడపిల్ల. ఆ పిల్ల మేనమామ కువైట్‌లో ఒక సేటు ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి పిల్లలు ఆడి ఆడి పారేసిన ఆటల డబ్బా ఒకటి తెచ్చి మేనకోడలికి ఇచ్చాడు. ఇటుకంత మందం, ఒకప్పుడు తెల్లగా ఉండి ఇప్పుడు ముసలివాడి పళ్ళ రంగుకు వచ్చింది, చిన్న ఆకుపచ్చ తెర, వెనక నాలుగు పెన్సిల్ సెల్లులు. పైనుంచి ముక్కలు పడుతుంటే సందులేకుండా పేర్చాలి, ఆటంతా అదే. దానికి ఒక కీచుమనే పాట. ఆ పిల్ల దాన్ని ఒళ్ళో పెట్టుకుని అన్నం, నీళ్ళు మరిచి కూర్చునేది. ఆదివారం మా అరుగు మీది పిల్లల వరసలోకి కూడా దాన్ని వెంట తెచ్చుకునేది.

బడులు తెరిచాక మొదలైంది రగడ. పిల్ల చెప్పిన మాట వినదని, పలకరిస్తే కిటికీలోంచి చూస్తుందని, డిక్టేషన్ చెప్తే తోచింది రాస్తుందని బడినుంచి ఫిర్యాదులు. ఇంట్లోనూ అంతే, పిలిచి పిలిచి తల్లి గొంతు బొంగురుపోయేది.

"గోడతో మాట్లాడినట్టే ఉండాదక్కా దీంతో. ఆ డబ్బా వచ్చినాక పిల్ల చెడిపోయె. దసరా సెలవులకు కడపకు తోలకపోయి హాస్టల్లో ఏస్తా, వాళ్ళు తోలు తీస్తే దోవకొస్తాది."

ఊరికే అనడం కాదు, మొగుడితో మాట్లాడి సీటుకు చెప్పి పెట్టించింది కూడా. ఆ మాటలు పిల్ల ముందే అనేది. పిల్ల మాత్రం ఏమీ పట్టనట్టు అమ్మ పెదాల వైపు చూస్తూ ఉండేది. ఆ చూపును మేమంతా మొండితనం అనుకున్నాం.

వానలు పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె ఆ డబ్బాను తెచ్చి మా ఆయన బల్ల మీద పెట్టింది. సౌండ్ రావడం లేదని పిల్ల ఒకటే ఏడుపంట. మా ఆయన స్విచ్చి వేసి చూశాడు, నిజమే, తెర మీద ముక్కలు పడుతున్నాయి, పాట లేదు. పక్కనున్న సౌండ్ చక్రం తిప్పితే ఒకసారి బరబరమని మళ్ళీ మూగబోయింది. విప్పుదామంటే దాని స్క్రూలకు మూడు రెక్కలు, మన ఊళ్ళో ఏ స్క్రూడ్రైవరూ పట్టదు. పాత పెన్ను గొట్టం కొసను వేడి చేసి స్క్రూ మీద నొక్కి, చల్లారాక దాంతోనే తిప్పి విప్పాడు. మూత లేవగానే టవల్ మూతికి పెట్టుకుని, ఇగ నీ పని అని వాకిట్లోకి పోయాడు.

అబ్బా, ఆ లోపల! ఎలుక పిల్లల్ని చూసి కూడా చలించని నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఎవరో తెలియని సేటు పిల్లలు ఎన్నేళ్ళు ఆడారో, ఆ వేళ్ళ చెమట, గోళ్ళ మట్టి, ఖర్జూరపు పాకం, ఎడారి ఇసుక అన్నీ కలిసి బొత్తాముల కింద నల్లటి హల్వాలా గడ్డకట్టాయి. సెల్లులు కారి తీగల మీద తెల్లగా, ఆకుపచ్చగా పుండు పొలుసులా పట్టింది. స్పీకర్ జాలీ వెనక బొద్దింక గుడ్ల తిత్తి, దానికి అంటుకుని ఎవరి చొంగో ఎండి మెరుస్తోంది. తేనె అయినా ఇంత అంటదు, వేలు పెడితే తీగ సాగింది. మా ఇంట్లో అన్నం ముట్టే వేళ్ళు ఇవి అనుకుంటూ, కువైట్ సేటు ఏడు తరాలనూ తిట్టుకుంటూ మూడు రోజులు ఒక్కొక్క సందు కడిగాను.

అసలు లోపం దొరికింది ఒక చిన్న రంధ్రంలో. చెవికి పెట్టుకునే వైరును గుచ్చే రంధ్రం అది. దాని లోపల ఒక సన్నటి రేకు ఉంటుందట. వైరు గుచ్చితే ఆ రేకు పక్కకు జరిగి, స్పీకర్‌కు పోయే దారి మూసి పాటను వైరులోకి పంపుతుందట. ఇక్కడ వైరు లేకపోయినా పాకం, ఇసుక గడ్డకట్టి ఆ రేకును పక్కకే నెట్టి పెట్టాయి. నేను మెలిక వత్తులు పదో పన్నెండో మార్చి తిప్పి తిప్పి, చివరికి సూదితో గోధుమగింజంత గడ్డను బయటికి లాగితే, టక్కున రేకు తన చోటికి వచ్చింది. చక్రాన్ని కూడా స్పిరిట్‌తో కడిగాక స్విచ్చి వేస్తే ఆ కీచు పాట గదంతా మోగింది. మా ఆయనలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు.

"సెట్టు మంచిగనే ఉన్నది చెల్లే. దాని చెవుల పాకం పడ్డది, గంతే. పాపం, దానికి ఇనపడక మూగదైంది!"

అని ఆయన జోకు వేస్తే నేనూ, కడప చెల్లె పొట్ట పట్టుకుని నవ్వాం. తల్లి కొంగు పట్టుకుని ఆ పిల్ల అక్కడే నిలబడి మా ముగ్గురి మూతులూ మార్చి మార్చి చూస్తోంది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మర్నాడే డబ్బా తిరిగొచ్చింది. సౌండ్ లేదంటోందట. మా ఆయన స్విచ్చి వేస్తే శుభ్రంగా మోగింది. ఇంకో రెండు రోజులకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ మోగింది. మూడోసారి, ఒక ఆదివారం పూట, తల్లి పిల్లను రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చి మా ముందు గదిలో నిలబెట్టింది.

"చూడక్కా, నీ ముందరే చెప్పమను. అంత సౌండ్ వస్తాంటే రాలేదంటాదా? అబద్దాలు కూడా నేర్చినాది. ఇంగ దసరా దాకా ఏంటికి, వచ్చే వారమే తోలకపోతా."

అని చెంప మీద ఒక్కటి వేసింది. నేనేం చేశానో చెప్పాలి కదా. అడ్డం పడలేదు. మూడు రోజులు ఆ రోతలో చేతులు పెట్టి కడిగిన నా పనికే వంక పెడుతోందని కోపంతో, ఛీ, గింత పిల్లకు గన్ని అబద్ధాలా అని నేనూ ఒక మాట వేశాను. పిల్ల ఏడవలేదు. బల్ల మీద మోగుతున్న డబ్బాను తీసుకుని, దాని మూలను నోట్లో పెట్టుకుని ముందు పళ్ళతో గట్టిగా కరిచిపట్టుకుంది.

ఏ డబ్బా లోపలినుంచి నేను బొద్దింక గుడ్లు తీశానో, ఎవరి చొంగ గీకానో ఆ డబ్బా ఆ పిల్ల నోట్లో! ఛీ ఛీ, ఉమ్మెయ్యి అని అరుస్తూ లాక్కోబోయాను. పిల్ల రెండు చేతులతో దాన్ని పట్టుకుని, తియ్యకుండానే, పళ్ళ సందులోంచి అంది.

"ఇట్ల కరిస్తే వస్తాది పెద్దమ్మా. తీస్తే పోతాది."

ఆ మాటకు మా ఆయన లేచి నిలబడ్డాడు. ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఫ్యాన్లు, మోటార్లు వస్తే స్క్రూడ్రైవర్ మొనను మోటారుకు ఆనించి, పిడిని పళ్ళతో కరిచిపట్టుకుని, రెండు చెవులూ వేళ్ళతో మూసుకుని లోపలి చప్పుడు వినేవాడు. బయటి గోల వినపడకుండా ఎముకలోంచి చప్పుడు వస్తుందనేవాడు. ఆయన పిల్ల వెనక్కి పోయి నిలబడి, చేతిలోని పట్టకారును గచ్చు మీద పడేశాడు. మేం ఇద్దరం ఉలిక్కిపడ్డాం. పిల్ల కదల్లేదు.

"సెట్టుది కాదు," అన్నాడు. "దీపం పట్టు."

బల్ల దీపం దగ్గరికి లాగి పిల్ల తల వంచి పట్టుకుంటే ముందు వాసన తగిలింది. ఎల్లిపాయ, నూనె కుళ్ళి, చీము కలిసిన వాసన. కుడి చెవిలో రాళ్ళ దుమ్ము నూనెలో నాని నాని సిమెంటులా గట్టిపడి ఉంది. ఎడమ చెవిలో ఇంకా లోపలికి, గోధుమ రంగులో తడిసి ఉబ్బినదేదో ఉంది. దాని చివర ఒక్క మెలిక వేసిన ముడి.

ఆ ముడి నాది. ఊళ్ళో ఇంకెవరూ అలా పేనరు.

ఎండాకాలంలో ఏ ఆదివారం పెట్టానో, పొద్దుగూకేలోపు ఎందుకు తీయలేదో నేను చెప్పలేను. ఏ సెట్టులో ఎన్ని ఎలుక పిల్లలున్నాయో చెప్పే మనిషిని, ఆ సాయంత్రం మాత్రం ఎంత వెతికినా నాకు దొరకదు. ఏదో సెట్టు విప్పి కూర్చుని ఉంటాను. నా చేతిలో సూది ఉంది, లాగేద్దామని వంగాను కూడా. మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"ముట్టకు. ఇది సెట్టు కాదు."

లోపలి గదిలోంచి మా అత్త, ఏమైందో తెలుసుకుని, "జర గోరెచ్చటి నూనె ఇంకో రెండు చుక్కలు పొయ్యిండ్రి, అదే ఊరి ఎల్తది," అంది. ఆమె మీద నేను అంతవరకు గొంతు ఎత్తలేదు. ఆ రోజు ఏమన్నానో రాయను, నూనె గిన్నె మాత్రం తీసుకెళ్ళి పెంట మీద పారబోశాను.

మర్నాడు పొద్దున్నే నేనూ, కడప చెల్లె పిల్లను తీసుకుని రెండు బస్సులు మారి పట్నంలో చెవుల దవాఖానకు పోయాం. దారంతా ఆమె పిల్లనే తిడుతోంది, దూది దోపుకున్నావా, ఆటలా నీకు అని. పిల్ల కిటికీలోంచి చూస్తోంది. నేనే అని చెప్పడానికి నోరు తెరవడం, కండక్టర్ వచ్చాడనో, దిగేచోటు వచ్చిందనో మూసుకోవడం. మనుషుల గలీజు గురించి ఇంత రాశాను కదా, ఆ రెండు బస్సుల్లో నా లోపల ఉన్నదానికి మించిన గలీజు నేను ఏ సెట్టులోనూ చూడలేదు.

డాక్టరమ్మ నుదుటికి అద్దం కట్టుకుని, చెవిలోకి చూసి, సన్నటి పట్టకారుతో మెల్లమెల్లగా లాగింది. తెల్లటి పళ్ళెంలో పడింది నా వత్తి. నల్లగా, ఆకుపచ్చగా, వేలి కణుపంత పొడవు, దానికి అంటుకుని చెవి చీము. పక్కన నిలబడ్డ నర్సమ్మ కూడా ముక్కు మూసుకుంది.

"ఎవరమ్మా ఇది పెట్టింది?" అంది డాక్టరమ్మ.

తల్లి చెయ్యి పిల్ల వీపు మీదికి లేచింది. ఇంక ఆపుకోలేకపోయాను.

"నేను. నేనే పెట్టిన. తియ్యనీకి మరిచిపోయిన."

ఆ చెయ్యి గాల్లోనే ఆగింది. ఆమె నన్ను చూసిన చూపు, బొద్దింకను మా ఆయన చూసే చూపు. నేను బయటికి పోయి, దవాఖాన గోడ పట్టుకుని, పేగులు బయటికి వచ్చేలా కక్కుకున్నాను. జన్మలో మొదటిసారి.

రెండో చెవిని కూడా ఏవో చుక్కలు వేసి, నీళ్ళు కొట్టి శుభ్రం చేశారు. చీము తగ్గడానికి మందు రాసిచ్చి, ఇంకొన్నాళ్ళు పోతే చీము చెవి లోపలి పొరను తినేసేది, ఇప్పుడు భయం లేదు అని డాక్టరమ్మ చెప్పింది. బయట రోడ్డు మీదికి రాగానే బస్సు హారను కొట్టింది. పిల్ల రెండు చెవులూ మూసుకుని తల్లి కొంగులో దూరింది. వీపు నిమిరి, ఏమీ లేదమ్మా అని తల్లి ఎంతో మెల్లగా, గొణిగినట్టు అంటే, ఆ పిల్ల ఊఁ అని పలికింది. నెలల తర్వాత మొదటి పిలుపుకే పలికింది. కడప చెల్లె రోడ్డు మీదే కూలబడి పిల్లను వాటేసుకుని ఏడ్చింది. ఏ చెంప మీద ఎన్నిసార్లు కొట్టిందో ఆ చెంపనే నిమిరింది.

తర్వాత కళ్ళు తుడుచుకుని నాతో ఒకే ఒక్క మాట అంది.

"ఊరందరి గలీజు కడిగే చేతులంటిరే, అక్కా."

హాస్టల్ సీటు వద్దని ఆ సాయంత్రమే మొగుడిచేత చెప్పించింది, అది గోడ అవతలనుంచి నాకు వినిపించింది. నాతో మాత్రం మూడు వారాలు పలకలేదు. నీళ్ళ దగ్గర ఎదురైతే బిందె పక్కకు జరుపుకునేది. నేనూ పలకరించలేదు, ఏ మొహంతో పలకరించాలి. మా అత్త అరుగు ఖాళీ అయింది, ఆదివారాలు పిల్లలు రావడం మానేశారు.

నవ్వొచ్చే సంగతి ఒకటి ఉంది. పిల్లకు చెవులు తెరుచుకున్నాక మా బల్ల మీదే ఉండిపోయిన ఆ కువైట్ డబ్బాను నేను ఎంతో ఆశగా చేతికిస్తే, స్విచ్చి వేసి కాసేపు విని, మొహం చిట్లించి, "ఇది ఇంత గోలా పెద్దమ్మా?" అని నన్నే అడిగింది. అడిగి, నేను స్పిరిట్‌తో కడిగిన ఆ చక్రాన్ని చివరిదాకా తిప్పి సౌండ్ కట్టేసి, గమ్మున ఆడుకుంది. నిజానికి ఆ పాట పరమ రోతగా ఉంటుంది, నాలుగు ముక్కలు మళ్ళీ మళ్ళీ, సత్తు గిన్నె మీద మేకు గీసినట్టు. దానికోసం ఎంత పరేషాన్ పడ్డామో!

నాలుగో ఆదివారం నేను అరుగు కడుగుతుంటే కడప చెల్లె తలంటిన పిల్లను వెంటబెట్టుకుని వచ్చి, చేతిలో ఉన్న పొడి టవల్ నా ముందర పెట్టింది.

"నువ్వే తుడువు అక్కా. ఏమీ పొయ్యద్దు, ఏమీ పెట్టద్దు. బయటబయటనే తుడువు."

చెవి దొప్ప మాత్రం తుడిచి, మడతల్లో తడి అద్ది, టవల్‌ను ఆమె ముందే దులిపి చూపించి తిరిగిచ్చాను. ఆమె దులిపిన టవల్‌ను కూడా ఒకసారి తిప్పి చూసుకుంది. చూసుకోవాలి మరి.

వాళ్ళు ఇల్లు మారి వెళ్ళిపోయి ఏళ్ళయింది. ఆ ముందు గది, అరుగు, పెంట అన్నీ ఎక్కడున్నాయో చూపించమంటే ఇప్పుడు అద్దాల మేడల మధ్య నాకే దారి తెలియదు. మా ఆయన పోయాక ఆ పెన్ను గొట్టం స్క్రూడ్రైవర్ కొన్నాళ్ళు నా డబ్బాలో ఉండేది, అదీ ఎక్కడో జారిపోయింది. ఇప్పటి వస్తువులకు స్క్రూలే ఉండవు, బంకతో అతికించి పంపుతున్నారు. పలకకపోతే పారేసి కొత్తది తెప్పించుకోవడమే. చూడ్డానికి ఎంత తళతళలాడుతాయో! మురికి లేక కాదు, మూత తీసి చూసే ఓపిక ఎవరికీ లేదు. మనుషుల సంగతీ అలాగే ఉంది. పిలిస్తే పలకని పిల్లను మొండిది అనేశాం మేం, ఇప్పుడు ఒకే ఇంట్లో నలుగురం ఒకరినొకరు పిలుచుకోవడమే మానేశాం, అన్నం పెట్టానని ఫోన్‌లో కొడితేగాని గదిలోంచి రారు. ఆ రోజుల దుమ్ము, రోత తిరిగి రావాలని నేను కోరుకోను. ఆ రోతలో చేయి పెట్టి, లోపల ఏముందో చూసి, నాదే తప్పు అని చెప్పుకునేటంత దగ్గరగా బతికాం, అది మాత్రం ఒక్కోసారి గుర్తొస్తుంది.

ఇది రాస్తూ మధ్యలో మనవరాల్ని రెండుసార్లు పిలిచాను, చాయ తాగుతావా అని. పలకలేదు. ఆ బిళ్ళలు పెట్టుకునే ఉంటుందని తెలుసు, నేనే కదా బాగుచేసి ఇచ్చింది. అయినా మూడోసారి పిలవను. లేచి పోయి, భుజం మీద చెయ్యి వేసి, ముందు ఆ పిల్ల చెవి చూస్తాను.